ఏడాదిన్నర తొక్కాక: నా ‘లేడీస్ సైకిల్’ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నేను పెద్ద సైక్లిస్టునేమీ కాదు. వారానికి నాలుగు రోజులు, పొద్దున ఆరు నుంచి ఏడు లోపు, మహా అయితే పన్నెండు కిలోమీటర్లు. వయసు 54. నాకు క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, అంటే సీఎంఎల్, రక్త క్యాన్సర్లలో ఒక రకం. బయటపడి రెండేళ్ల మూడు నెలలైంది. అందుకని ఎంత స్పీడు పోతుంది, ఎన్ని కిలోలు తగ్గుతాం లాంటివి ఇందులో వెతక్కండి. కొనేటప్పుడు నేను చూసుకున్నది ఒక్కటే, దీని మీంచి ఎంత తొందరగా కిందికి దిగగలను అని.

కంపెనీ పేరు రాయడం లేదు. రాస్తే అందరూ ఆ కంపెనీ మంచిదా కాదా అని కొట్టుకుంటారు, అసలు సంగతి పక్కకి పోతుంది. పైగా ఇలాంటి ఫ్రేమ్ నాలుగైదు కంపెనీలు చేస్తున్నాయి. మధ్యలో అడ్డ రాడ్ ఉండదు, ఫ్రేమ్ కిందికి వంగి ఉంటుంది, కాలు వెనక నుంచి తిప్పి ఎక్కక్కర్లేదు, ముందు నుంచే దాటించి కూర్చోవచ్చు. చిన్నప్పుడు మనం లేడీస్ సైకిల్ అనేవాళ్లం చూడండి, అదే. 26 అంగుళాల చక్రాలు, ముందు ఒకటే పళ్ల చక్రం, వెనక ఏడు గేర్లు, మామూలు వి-బ్రేకులు, 1.75 అంగుళాల వెడల్పు టైర్లు, బరువు 16 కిలోల పైనే. అప్పట్లో నాకు 17,500 పడింది.

అత్తాపూర్ వైపు ఒక షాపులో ఇది కావాలని చూపిస్తే అక్కడి కుర్రాడు మొహమాటపడిపోయాడు. “సార్, గిది లేడీస్ బండి. మీకు గీ ఎమ్‌టీబీ మస్తుంటది, జూడుండ్రి” అని ఏదో నల్ల మౌంటెన్ బైక్ ముందుకి లాగాడు. నాకే కావాలి బాబూ అన్నా నమ్మలేదు, బిల్లు రాసేటప్పుడు కూడా “మేడంకేనా సార్” అని అడిగాడు. వాడికి నా స్ప్లీన్, అంటే ప్లీహం గురించి ఏం చెప్తాం?

మీకు చెప్తాను. ఆఫీసులో హెల్త్ చెకప్ అని రక్తం తీస్తే తెల్లకణాలు లక్షా నలభై ఎనిమిది వేలు వచ్చాయి. ఉండాల్సింది నాలుగు వేల నుంచి పదకొండు వేలు. ల్యాబ్ వాళ్లే తప్పు వచ్చిందనుకుని మళ్లీ తీశారు. అంతకు ముందు ఆరు నెలలుగా ఎడమ డొక్కలో ఏదో బరువు, నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోవడం. గ్యాస్ అనుకుని వాము నీళ్లు తాగుతూ కూర్చున్నాను, తీరా అది స్ప్లీన్ వాచిపోవడం. 9వ క్రోమోజోము ముక్క 22కి, 22 ముక్క 9కి అతుక్కోవడం వల్ల వచ్చే జబ్బట, నేను చేసిన తప్పేమీ లేదని డాక్టరు గారు రెండుసార్లు చెప్పారు. మూడోసారి కూడా చెప్తే బావుండేది.

మందు రోజుకో మాత్ర, ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాములు. సైకిల్ రివ్యూలో మాత్ర గురించి ఎందుకంటే, ఆ మాత్ర చవగ్గా దొరక్కపోతే నా దగ్గర సైకిల్‌కి డబ్బులు మిగిలేవి కావు. 2003లోనే మన హైదరాబాద్ కంపెనీ నాట్కో దీని జనరిక్, అంటే అదే మందు చవక రకం, తెచ్చింది. అసలు బ్రాండ్ ధర అప్పట్లో నెలకి లక్ష రూపాయల పైమాటే. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ బ్రాండ్ కంపెనీ నోవార్టిస్ పేటెంట్ అప్పీలు కొట్టేసింది, ఆ కేసులో నాట్కో కూడా ఒక పార్టీ. ఏప్రిల్ ఫూల్ రోజున వచ్చిన మంచి వార్త అది ఒక్కటేనేమో.

మాత్ర పనిచేస్తుంది కానీ ఊరికే పనిచేయదు. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, ఏడ్చి లేచానేమో అనిపించేంత. పక్క ఫ్లాట్ పెద్దాయన “రాత్రి కాస్త ఎక్కువైందా?” అని నవ్వుతూ అడిగాడు. ఉప్పు తగ్గించమన్నారు కాబట్టి ఆవకాయ జాడీ నాకు అందనంత పైకి వెళ్లింది. అర్ధరాత్రి పిక్కలు పట్టేస్తాయి, ఒక్కోసారి చేతివేళ్లు కొంకర్లు పోతాయి. అన్నిటికన్నా పెద్దది నీరసం, మామూలు నీరసం కాదు, ఎనిమిది గంటలు పడుకుని లేచినా పెళ్లి వంట చేసి వచ్చినట్టుంటుంది. దీనికి పడుకోవడం కంటే కదలడమే మేలు అని డాక్టరు గారంటే మొదట నాకు కోపం వచ్చింది.

మొదట్లో నడక మాత్రమే. ఒక దశలో ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టించే కణాలు, 46 వేలకి పడిపోయాయి, మాత్ర రెండు వారాలు ఆపారు, ఆ రోజుల్లో సైకిల్ మాట ఎత్తనివ్వలేదు. తర్వాత లెక్క లక్ష దాటి, స్కానింగ్‌లో స్ప్లీన్ తగ్గిందని తేలాక అడిగితే ఆయనన్న మాట ఇంకా గుర్తుంది: “తొక్కడం వల్ల ఏం కాదండీ. పడటం వల్లే. తొక్కండి, పడకండి.” ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు తలకి దెబ్బ తగిలితే లోపల రక్తం ఆగదు, వాచిన స్ప్లీన్ మీద హ్యాండిల్ గుచ్చుకుంటే అది చిట్లే ప్రమాదం. ఈ మాట విన్నాకే నాకు లేడీస్ సైకిల్ గుర్తొచ్చింది.

ఇక సైకిల్ సంగతి. ఎక్కడం దిగడం విషయంలో ఐదుకి ఐదు, సందేహం లేదు. సీటు మీంచి ముందుకి జారితే చాలు, రెండు కాళ్లూ నేల మీదుంటాయి. మా మణికొండలో తెల్లవారుజామున కుక్కలు గుంపుగా వెంటపడతాయి, మామూలుగా అయితే ఎవడైనా ఇంకా గట్టిగా తొక్కుతాడు. నేను దిగి, సైకిల్‌ని కుక్కకీ నాకూ మధ్య పెట్టుకుని నెమ్మదిగా నడుస్తాను. అప్పటిదాకా ప్రాణం పెట్టి అరిచినవి కాస్తా నాతో పనేం లేనట్టు వెనక్కి పోతాయి. ప్రతిసారీ పనిచేస్తుందని హామీ ఇవ్వలేను, నాకు ఇప్పటిదాకా పనిచేసింది.

హ్యాండిల్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి నడుం నిటారుగా ఉంచి కూర్చోవచ్చు, పొట్ట మీద ఒత్తిడి పడదు. ఎదురుగాలికి మాత్రం మనమే తెరచాప.

గేర్లు బావున్నాయి, ముఖ్యంగా మొదటి గేరు. మణికొండ, పుప్పాలగూడ వైపు తిరిగిన వాళ్లకి తెలుసు, ఇక్కడ చదునుగా ఉన్నది ఫ్లాట్ల బ్రోచర్లలో రోడ్డు ఒక్కటే. ఎత్తు రాగానే ఒకటో గేరు వేసి, పక్కన ఎవరైనా ఉంటే మాట్లాడగలిగేంత నెమ్మదిగా తొక్కుతాను. మాట తెగుతోంది, ఆయాసం వస్తోంది అంటే దిగి తోస్తాను. సిగ్గేం లేదు, హిమోగ్లోబిన్ 10 దగ్గర ఆడుతున్నప్పుడు సిగ్గు పడటానికి కూడా ఓపిక ఉండదు.

కానీ గేర్లు మార్చే పద్ధతి దగ్గర నాకు తేడా వచ్చింది. దీనికి హ్యాండిల్ గ్రిప్‌నే తిప్పే షిఫ్టర్ ఇచ్చారు, స్కూటర్ యాక్సిలరేటర్ లాగా. మామూలు వాళ్లకి సుఖమే. చెయ్యి కొంకర్లు పోయిన రోజున దాన్ని తిప్పడం నరకం, ఒకసారి నాలుగో గేరులో ఇరుక్కుని ఆ గేరులోనే ఇంటిదాకా వచ్చాను. తీయించేసి బొటనవేలితో నొక్కే షిఫ్టర్ వేయించుకున్నాను, కూలితో కలిపి 850. ఇలాంటి మందు వాడేవాళ్లు షాపులోనే మార్పించుకోండి.

సీటు దండగ. సన్నంగా, గట్టిగా ఉంటుంది, మొదటి వారంలోనే తొడల లోపల కమిలిన మచ్చలు. మాకు కమిలిన మచ్చ అంటే టెన్షన్, వెంటనే రక్తపరీక్ష గుర్తొస్తుంది. వెడల్పు సీటు వేయించాక మచ్చలు రాలేదు. టైర్లలో గాలి కూడా షాపు వాళ్లు రాయిలా కొట్టి ఇస్తారు, టైరు పక్కన రాసి ఉన్న కనిష్ఠానికి కాస్త పైన ఉంచుకుంటే స్పీడ్ బ్రేకర్ల మీద వెన్ను బతుకుతుంది. మైలోమా అనే ఇంకో రక్త క్యాన్సర్ ఉన్నవాళ్లకి ఎముకలే బలహీనపడతాయి కాబట్టి ఈ కుదుపుల సంగతి వాళ్లు నాకంటే ఎక్కువ చూసుకోవాలి, అసలు రోడ్డు మీద తొక్కొచ్చా లేదా అన్నది వాళ్ల డాక్టరే చెప్పాలి.

ఇప్పుడు అసలు కథ. ఫ్రీ సర్వీసు అని నెల తిరిగాక అదే షాపుకి తీసుకెళ్లాను. రెండు గంటల్లో తుడిచి మెరిపించి ఇచ్చారు. మర్నాడు నార్సింగి దాటి కొంత దూరం పోయాక ఎడమ పెడల్ టకటకమంటోంది. చూద్దాంలే అనుకుని ఇంకో వంద అడుగులు తొక్కానో లేదో, పెడల్ ఊడి బూటు కింద నుంచి జారిపోయింది. ఎడమ కాలికి ఆధారం లేదు, ఒళ్లు ఎడమవైపు ఒరిగిపోయింది. మామూలు అడ్డరాడ్ సైకిల్ అయితే నేను రాడ్ మీద పడి, అక్కణ్ణుంచి రోడ్డు మీద పడేవాణ్ణి. ఇక్కడ కాలు నేరుగా నేలకి ఆనింది, ఇంకో కాలు కూడా వచ్చేసింది, సైకిల్ ఒక్కటే పడింది. నేను దాని పక్కన నిలబడి ఉన్నాను, గుండె మాత్రం గొంతులో కొట్టుకుంటోంది. చీలమండ మీద గీసుకుపోయింది, రుమాలుతో పది నిమిషాలు నొక్కి పట్టుకుంటే ఆగింది.

ఎడమ పెడల్‌కి మర ఉల్టా ఉంటుంది. మామూలు నట్టులా బిగిస్తే వదులవుతుంది, బలవంతంగా బిగిస్తే మర అరిగిపోతుంది. సర్వీసు చేసిన వాళ్లు దాన్ని పీకి మళ్లీ అడ్డదిడ్డంగా బిగించారని రోడ్డు పక్క మెకానిక్ ఒకాయన చూడగానే చెప్పాడు. షాపుకి వెళ్లి అడిగితే ముందు “మీరు గట్టిగా తొక్కి ఉంటారు సార్” అన్నారు. నేనా, గట్టిగా! పోట్లాడితే పెడల్, దాన్ని పట్టుకునే క్రాంక్ రెండూ మార్చి ఇచ్చారు, ఇంకో రెండు సర్వీసులు ఫ్రీ అన్నారు. వెళ్లలేదు. సైకిల్‌కి నాలుగు మార్కులిస్తే షాపుకి ఒకటిన్నర, ఆ ఒకటిన్నరా క్రాంక్ మార్చినందుకు. అప్పటినుంచి బయల్దేరే ముందు రెండు పెడళ్లూ చేత్తో ఊపి చూస్తాను, బ్రేకు నొక్కి చూస్తాను, జేబులో ఒక కాగితం పెట్టుకుంటాను. దాని మీద బ్లడ్ గ్రూపు, మాత్ర పేరు, మా ఆవిడ ఫోన్ నంబరు.

ఎక్కడ తొక్కాలి అంటే, నాకు అవుటర్ రింగ్ రోడ్డు పక్కన వేసిన సోలార్ ట్రాక్ వరం. 2023 అక్టోబరులో తెరిచారు, మొత్తం 23 కిలోమీటర్లు. నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5, నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు 8.5. నాలుగున్నర మీటర్ల వెడల్పు, మూడు వరసలు, పైన సోలార్ పలకల కప్పు, దాని మీంచి 16 మెగావాట్ల కరెంటు. ఈ మాత్ర వేసుకుంటే నా చర్మం ఎండకి తొందరగా కమిలిపోతోంది, అందుకని ఆ కప్పు నాకు అలంకారం కాదు, అవసరం. కార్లు లేవు, ఆటోలు లేవు, ఆగాలనిపిస్తే ఎవడూ హారన్ కొట్టడు. వెళ్లిన దూరమంతా వెనక్కి తొక్కాలన్న సంగతి మర్చిపోయి మొదటి రోజు ఉత్సాహంగా ఎనిమిది కిలోమీటర్లు వెళ్లాను, తిరుగు ప్రయాణం గురించి రాయను.

మాత్ర మొదట్లో పొద్దున టిఫిన్ తర్వాత వేసుకునేవాణ్ణి, వెంటనే తొక్కితే వాంతి. డాక్టరు గారిని అడిగి రాత్రి భోజనం తర్వాతకి మార్చుకున్నాను, పెద్ద గ్లాసు నీళ్లతో. జ్వరం ఉన్న రోజు, రిపోర్టులో కణాలు తగ్గిన వారం సైకిల్ సెల్లార్‌లోనే ఉంటుంది, వాచ్‌మన్ తుడిచి పెడతాడు.

ఇంత తొక్కితే క్యాన్సర్ తగ్గిందా అని అడుగుతారు. లేదు. తగ్గించింది మాత్ర. ఆ క్రోమోజోముల అతుకు వల్ల పుట్టే జన్యువు రక్తంలో ఎంత మిగిలిందో చూడటానికి మూడు నెలలకోసారి చేసే బీసీఆర్-ఏబీఎల్ పరీక్షలో నా అంకె ఇప్పుడు 0.1 శాతం కిందికి వచ్చింది, ఆ గొప్ప దానిదే. సైకిల్ వల్ల వచ్చింది ఏమిటంటే, మధ్యాహ్నం మూడింటికి ఆఫీసులో టేబుల్ మీద తల వాల్చడం మానేశాను, రాత్రి నిద్ర పడుతోంది. పిక్కలు ఇంకా పడుతూనే ఉన్నాయి. మా ఆఫీసు గ్రూపులో ఒకాయన, క్యాన్సర్ నుంచి బయటపడ్డ సైకిల్ రేసర్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఫొటో పెట్టి నన్ను ట్యాగ్ చేశాడు. ఆయనది రక్త క్యాన్సర్ కాదు, డోపింగ్ కారణంగా 2012లో ఏడు టూర్ డి ఫ్రాన్స్ టైటిళ్లూ లాగేసుకున్నారు, నా దగ్గర లాగేసుకోవడానికి పెడల్ తప్ప ఏమీ లేదు అని జవాబిచ్చాను.

మిగతా చిన్న విషయాలు: సైడు స్టాండు నెలకోసారి వదులవుతుంది. వానలో బ్రేకులు ఆలస్యంగా పడతాయి. బరువు ఎక్కువ, మెట్లెక్కించాల్సిన వాళ్లు కొనకండి. బెల్లు మాత్రం బ్రహ్మాండం, పాత పోస్ట్‌మన్ సైకిల్ బెల్లులా మోగుతుంది.

సీటు ఎత్తు మార్చడానికి పానా అక్కర్లేదు, చిన్న లివర్ ఉంది, ఇది కూడా ప్లస్ పాయింటే అని ఈమధ్యే తెలిసింది. సంక్రాంతి నుంచి మా ఆవిడ సాయంత్రాలు కూరగాయలకి దీని మీదే వెళ్తోంది, “ఏమండీ, మీ సైకిలు కాదిది, షాపు వాడు సరిగ్గానే చెప్పాడు” అని. పొద్దున నేను వెళ్లేసరికి సీటు నాలుగు వేళ్లు కిందికి దిగి ఉంటుంది, చూసుకోకుండా ఎక్కితే మోకాళ్లు హ్యాండిల్‌కి తగులుతాయి. సీటు రాడ్ మీద గోళ్ల రంగుతో రెండు గీతలు పెట్టుకున్నాం, పైది నాది, కిందిది తనది.