పాత బుల్లెట్ క్లచ్ నేనే బిగించుకున్నా, మూడేళ్ళయ్యాక ఎలా ఉందంటే

మాది కావలి. ఇంట్లో ఉన్నది 1986 బుల్లెట్ 350, మా నాయన బండి, గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. కొత్త క్లచ్ ప్లేట్లు నేనే వేసి మూడేళ్ళు దాటింది, ఈలోపు పదహారు వేల కిలోమీటర్లు తిరిగింది. వేసిన వారానికే రాసుంటే సూపర్ అని రాసేవాణ్ణి, అందుకే ఇన్నాళ్ళు ఆగాను.

అంతకుముందు క్లచ్ జారేది. వింజమూరు మీదుగా ఉదయగిరి పోతూ లారీని దాటబోతే ఇంజను గోల పెరిగేదే గానీ బండి ముందుకు లాగేది కాదు. ఒక మెకానిక్ అరగంటలో సరిచేసి ఇచ్చాడు, సంతోషం, కానీ ఆ రోజు నుంచి లివర్ పట్టాలంటే చెయ్యి పీక్కుపోయేది, ఆర్నెల్లలో రెండు కేబుళ్ళు తెగాయి. తర్వాత నేను విప్పితే అసలు సంగతి బయటపడింది. ప్లేట్లు అవే పాతవి. జారకుండా ఉండాలని ప్లేట్లను నొక్కిపట్టే స్ప్రింగుల కింద వాషర్లు దూర్చి పంపాడు.

విప్పడానికి భయపడక్కర్లేదు. ఎడమ ఫుట్‌రెస్టు, బ్రేకు పెడలు తీసి, కింద పాత పళ్ళెమొకటి పెట్టి, చైన్‌కేసు (క్లచ్చూ, ఇంజను నుంచి దానికి వచ్చే చైనూ ఉండే పెట్టె) మధ్యలో ఉండే నట్టు విప్పితే మూత వచ్చేస్తుంది. అంత పెద్ద మూతకి ఒక్కటే నట్టు! ఇనుప ప్లేట్లను గాజు పలక మీద పెట్టి అంచున వేలితో నొక్కి చూశా, రెండు టకటకా ఊగాయి, అంటే వంగాయన్నమాట, అవీ మార్చేశా. వాటి మధ్యలో రాపిడితో పట్టుకునే కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను రాత్రంతా ఆయిల్లో నానబెట్టా. ఆ గిన్నెను అమ్మ మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు, అది వేరే కథ.

తెల్లారి ప్లేట్లు ఒకటి మార్చి ఒకటి పేర్చి, మూత వేసి, ఆయిల్ పోసి, లివర్ పట్టుకుంటే చచ్చిన పాములా వేలాడింది. గేరుబాక్సు షాఫ్టు లోపలి నుంచి వచ్చే పుష్ రాడ్‌కీ పైన ప్లేట్లన్నిటినీ నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటుకీ మధ్య పుట్టగొడుగు ఆకారంలో చిన్న ప్యాడ్ ఉంటుంది, అది పేపరు మీద నూనె మరకల మధ్య నన్నే చూస్తా ఉంది. పోసిన ఆయిలంతా మళ్ళీ పళ్ళెంలోకి.

ఒకందుకు అదే మంచిదైంది. రెండోసారి బుద్ధొచ్చి, మూత వేయకముందే తమ్ముణ్ణి లివర్ పట్టమని, నేను కిక్ మెల్లగా తిప్పుతూ చూశా. ప్రెషర్ ప్లేటు ఒకపక్కే లేస్తోంది, ఇంకోపక్క అతుక్కునే ఉంది. స్ప్రింగులు తీసి పక్కపక్కన నిలబెడితే ఒకటి పొట్టిగా ఉంది. సెట్టు మొత్తం కొత్తది వేసి, స్క్రూలు ఒకదాన్నే చివరిదాకా తిప్పకుండా అన్నిటినీ కొంచెం కొంచెంగా బిగించాక చదునుగా లేచింది. ఎవరన్నా ఈ పని మొదలుపెడితే ఈ ఒక్కటి మాత్రం వదలొద్దు, ప్లేటు తిన్నగా లేవడం కళ్ళతో చూడకుండా మూత వేయొద్దు. చేతిలో పనే కాబట్టి అప్పుడే ప్రైమరీ చైను (ఇంజను నుంచి క్లచ్‌కి వచ్చేది) కూడా చూసుకోండి, బాగా బిగుతుగా ఉన్న చోట పావు అంగుళం ఊగాలి.

చైన్‌కేసు ఆయిల్ వేరు, ఇంజను ఆయిల్ వేరు. కార్ల కోసం జారుడు మందులు కలిపి అమ్మే ఆయిల్ ఇందులో పోస్తే ప్లేట్లు ఎంత కొత్తవైనా జారతాయి. ఆయిల్ మట్టం చూసుకునే లెవెల్ స్క్రూ తీసి అక్కడ చుక్క కారేదాకా పోస్తే చాలు.

ఇక మూడేళ్ళ మాట. మొదట్లో కేబుల్ రెండుసార్లు సర్దాను, తర్వాత దాని జోలికి పోలేదు. రొట్టెల పండగప్పుడు నెల్లూరులో స్వర్ణాల చెరువు దారిలో గంటకు పైగా జనంలో నడకకన్నా నిదానంగా పోయాం, క్లచ్ వేడెక్కి కొంచెం పట్టేసినట్టు అనిపించింది గానీ జారలేదు. మడమతో నొక్కితే బండిని న్యూట్రల్‌లోకి తెచ్చే న్యూట్రల్ ఫైండర్ ఇప్పుడు నిజంగా పనిచేస్తోంది, ఇన్నేళ్ళూ అది అలంకారానికే అనుకున్నా. వారం రోజులు బండి తీయకపోతే మాత్రం ప్లేట్లు అతుక్కుంటాయి. స్టార్ట్ చేసేముందు లివర్ పట్టి రెండు మూడు కిక్‌లు కొట్టి విడదీయాలి, లేకపోతే ఫస్ట్ గేరు వేయగానే ఎగిరి దూకుద్ది.

చైన్‌కేసు కింద రోజుకు రెండు చుక్కలు కారుతున్నాయి. తప్పు నాదే, రెండోసారి మూత వేసేటప్పుడు సోమరితనంతో పాత రబ్బరు సీలే వేశా. కొత్తది కొని బీరువాలో పెట్టి ఏడాదైంది, కింద అట్టముక్క మారుస్తా ఉన్నా.