విఫలమయ్యాక వెంటనే మళ్లీ ప్రయత్నించడమా, ఆగి వెతకడమా: ఏది మేలు?

వృత్తిలో ఒక పెద్ద పని చెడిపోయినప్పుడు మనిషి ముందు రెండు దారులు కనిపిస్తాయి. కంటికి కనిపించిన లోపాన్ని సరిదిద్దుకొని, ఊపు తగ్గకముందే మళ్లీ ప్రయత్నించడం ఒకటి. పనిని కొంతకాలం పక్కన పెట్టి, కనిపించని లోపాలను కూడా వెతికి, ఆ తర్వాతే తిరిగి మొదలుపెట్టడం రెండోది. మొదటిదానికి ‘ఆలస్యం అమృతం విషం’ అనీ, రెండోదానికి ‘నిదానమే ప్రధానం’ అనీ సామెతలు సిద్ధంగా ఉన్నాయి కాబట్టి, ఇది సామెతలతో తేలే విషయం కాదు. ఈ రెండు దారుల్లోనూ పలుమార్లు నడిచి, ప్రతిసారీ ఫలితాన్ని దేశమంతా చూస్తుండగా ఎదుర్కొన్న సంస్థ ఇస్రో. శ్రీహరికోట నుంచి ఎగిరి కూలిన రాకెట్ల చరిత్రను, ఒక్కో వైఫల్యం తర్వాత వారు ఎంతకాలం ఆగారన్న కోణంలో చదివితే, ఏది ఎప్పుడు మేలో చాలావరకు తెలుస్తుంది.

త్వరగా తిరిగి ప్రయత్నించి గెలిచిన సందర్భంతో మొదలుపెడదాం. 1979 ఆగస్టు 10న, ఉపగ్రహాలను మోసుకెళ్లే ఇస్రో తొలి రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం విఫలమై రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. రెండో దశను, అంటే రాకెట్‌లో ఒకదాని తర్వాత ఒకటి మండే భాగాల్లో రెండోదాన్ని, అదుపులో ఉంచే వ్యవస్థ నుంచి నైట్రిక్ ఆమ్లం కారిపోవడమే కారణమని తేలింది. లోపం ఒకే భాగంలో, పరీక్షించి నిర్ధారించుకోగల రూపంలో దొరికింది. పదకొండు నెలల తర్వాత, 1980 జూలై 18న, అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది. ఈ ఘట్టం గురించి మాట్లాడేవారు, వైఫల్యం నాడు అప్పటి ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ విలేకరుల ముందుకు తానే వెళ్లి, గెలిచిన నాడు ఆ ప్రాజెక్టును నడిపిన అబ్దుల్ కలాంను పంపారన్న కథనే ఎక్కువగా చెబుతారు. అది మంచి కథే, కాదనలేం. అయితే ఆ విఫల ప్రయోగానికి కాస్త ముందు కంప్యూటర్ ఆగమని సూచించినా, నిపుణుల సలహా మేరకు దాన్ని పక్కనపెట్టి ముందుకు వెళ్లానని కలాం స్వయంగా పలు ప్రసంగాల్లో చెప్పిన మాట, పని నేర్చుకునేవారికి అంతకంటే ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం.

ఇదే పద్ధతి తర్వాతి రాకెట్ ఏఎస్‌ఎల్‌వీ విషయంలో పనిచేయలేదు. ఎస్‌ఎల్‌వీ-3 మోయగలిగింది దాదాపు 40 కిలోలు. ఏఎస్‌ఎల్‌వీ లక్ష్యం 150 కిలోలు. ఆ అదనపు బలం కోసం రాకెట్‌కు ఇరువైపులా రెండు మోటార్లు తగిలించారు. అవి మండి బలం తగ్గుతుండగా మధ్యనున్న మొదటి దశ వెలగాలి. 1987 మార్చి 24న జరిగిన తొలి ప్రయోగంలో అది వెలగనే లేదు. వెలిగించే ఏర్పాటును పటిష్ఠం చేసి, పదహారు నెలల్లోపే, 1988 జూలై 13న రెండోసారి ప్రయోగించారు. ఈసారి మొదటి దశ వెలిగింది కానీ, పక్క మోటార్ల బలం తగ్గి మధ్య దశ బలం అందుకునే ఆ కొద్ది క్షణాల్లో రాకెట్ అదుపు తప్పి ముక్కలైపోయింది. గాలి ఒత్తిడి రాకెట్‌పై తీవ్రంగా ఉండే దశలోనే ఈ మార్పిడి జరగడం అసలు చిక్కు. మొదటిసారి మంట అంటుకొని ఉంటే ఈ బలహీనత అప్పుడే బయటపడేదేమో! ఒక వైఫల్యం తన వెనుక ఇంకో వైఫల్యాన్ని దాచి ఉంచగలదన్న సంగతి, మొదటి లోపాన్ని సరిచేసిన సంతృప్తిలో ఉన్నవారికి తట్టదు.

ఆ తర్వాత దాదాపు నాలుగేళ్లు ఏఎస్‌ఎల్‌వీ ఎగరలేదు. చివరికి కుదిరిన పరిష్కారం, ముందుగా లెక్కగట్టిన సమయానికి కాకుండా, పక్క మోటార్ల బలం నిజంగా తగ్గిన క్షణాన్ని రాకెట్టే పసిగట్టి మొదటి దశను వెలిగించేలా చేయడం. 1992 మే 20న మూడో ప్రయోగంలో ఉపగ్రహం అనుకున్నదానికంటే తక్కువ ఎత్తులోని కక్ష్యకే చేరింది. సంపూర్ణ విజయం 1994 మే 4న నాలుగో ప్రయోగంతో వచ్చింది. నాలుగేళ్ల నిదానం కూడా ఒకేసారి అన్నింటినీ సరిచేయలేదన్నది దీన్ని బట్టి గమనించాలి.

ఇంతవరకు చూస్తే నిదానమే గెలిచినట్టుంది. కానీ అమెరికాకు చెందిన స్పేస్‌ఎక్స్ సంస్థ ఫాల్కన్-1 రాకెట్ చరిత్ర ఈ తీర్పును కొంత సవరిస్తుంది. 2006లో, 2007లో, 2008 ఆగస్టులో వరుసగా మూడు ప్రయోగాలు విఫలమయ్యాయి. మూడో వైఫల్యం తర్వాత రెండు నెలలైనా తిరగకముందే, 2008 సెప్టెంబరు 28న, నాలుగోది కక్ష్యను చేరింది. పైకి తొందరపాటుగా కనిపించినా, అది గుడ్డి సాహసం కాదు. కొత్త ఇంజిన్ ఆపేశాక కూడా కొద్దిపాటి తోపుడు మిగిలి ఉండడంతో, విడిపోయిన మొదటి దశ ముందుకు దూసుకొచ్చి రెండో దశను ఢీకొట్టిందని వారికి స్పష్టంగా తెలుసు. ఇంజిన్ ఆగడానికీ దశలు విడిపోవడానికీ మధ్య వ్యవధిని కాస్త పెంచడమే చేయవలసిన మార్పు. ఇస్రోకు కూడా ఇటువంటి అనుభవం ఉంది. 2022 ఆగస్టు 7న విఫలమైన చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ, రెండో దశ విడిపోతున్నప్పుడు పుట్టిన ప్రకంపనల వల్ల వేగంలో మార్పును కొలిచే పరికరాల రీడింగులు క్షణకాలం గాడి తప్పడమే కారణమని తేలాక, ఆరు నెలల్లో, 2023 ఫిబ్రవరి 10న విజయవంతంగా ఎగిరింది.

కాబట్టి ఆగవలసిన కాలాన్ని క్యాలెండరు గానీ, పోయిన పరువును వెంటనే నిలబెట్టుకోవాలన్న ఆరాటం గానీ నిర్ణయించకూడదు. కారణం ఎంతవరకు తెలిసింది, మళ్లీ చెడితే ఎంత నష్టం అన్న రెండు ప్రశ్నలే నిర్ణయించాలి. కారణం ఒకటే అయి, రుజువుతో దొరికి, మరో ప్రయత్నానికి ఖర్చు తక్కువైతే, ఆగడం వల్ల ఒరిగేదేమీ లేదు. కారణాలు రెండు మూడు కనిపిస్తూ ఏది అసలుదో చెప్పలేనప్పుడు, లేదా ఒకే పని వరుసగా రెండోసారి వేరే చోట చెడినప్పుడు, వెంటనే మళ్లీ దిగడం పొరపాటు. వృత్తుల్లో ఎదురయ్యే వైఫల్యాల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకానివే కావడం వల్ల, మొత్తం మీద నేను నిదానం పక్షమే వహిస్తాను.

నిదానం తన ఉత్తమ రూపంలో ఎలా ఉంటుందో చూడాలంటే, బరువైన ఉపగ్రహాలను మోసే ఇస్రో రాకెట్ జీఎస్‌ఎల్‌వీని చూడాలి. 2010 ఏప్రిల్ 15న స్వదేశీ క్రయోజెనిక్ ఇంజిన్‌తో (అతిశీతల ద్రవ ఇంధనాలతో నడిచేది) చేసిన తొలి ప్రయోగం, అదే ఏడాది డిసెంబరు 25న రష్యా ఇంజిన్‌తో చేసిన ప్రయోగం రెండూ విఫలమయ్యాయి. తర్వాత మూడేళ్లకు పైగా ఈ రాకెట్ ఎగరలేదు. ఆకాశంలోని శూన్యాన్ని పోలిన పరిస్థితుల్లో ఇంజిన్‌ను వెలిగించి చూసే పరీక్షలు తమిళనాడులోని మహేంద్రగిరిలో ఉన్న ఇస్రో కేంద్రంలో జరిగాయి. అంతా సిద్ధమై 2013 ఆగస్టు 19న కౌంట్‌డౌన్ సాగుతుండగా, ఇంకా గంటా పద్నాలుగు నిమిషాలు ఉందనగా రెండో దశలో ఇంధనం కారుతున్నట్టు కనిపించింది. ప్రయోగం ఆపేశారు. రాకెట్‌ను వెనక్కి తీసుకెళ్లి, ఆ దశను పూర్తిగా మార్చి, వేరే మిశ్రమలోహంతో చేసిన కొత్త ట్యాంకును అమర్చి, 2014 జనవరి 5న ఎగరేశారు. జీశాట్-14 ఉపగ్రహం కక్ష్యకు చేరింది. మూడేళ్లు ఆగినవారు ఆఖరి గంటలో మరో నాలుగున్నర నెలలు ఆగడానికి సిద్ధపడడమే ఇందులో నాకు అన్నింటికంటే గొప్పగా అనిపించే విషయం.

అయితే ఒక తేడాను దాచకూడదు. కూలిపోయే రాకెట్ కూడా చివరి క్షణం దాకా తన ఒత్తిళ్లు, వేగాలు, ఉష్ణోగ్రతలు నేలకు పంపుతూనే ఉంటుంది. మనిషి వైఫల్యానికి అటువంటి నమోదు ఉండదు. ఉన్నదల్లా జ్ఞాపకం. అది కొద్ది వారాల్లోనే మనకు అనుకూలంగా మారిపోతుంది. గ్రూప్స్ పరీక్షలో తప్పినవారు, ఏ పేపర్లో, ఏ రకం ప్రశ్న దగ్గర, సమయం చాలకనా తెలియకనా మార్కులు పోయాయో ఆ వారంలోనే రాసిపెట్టుకోకపోతే, ఆరు నెలలు ఆగినా తేలేది ‘ఈసారి ఇంకా కష్టపడాలి’ అన్న మాట ఒక్కటే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తాను విడుదల చేసిన ప్రోగ్రామ్ చెడిపోయిన రాత్రి ఎవరు ఏమి మార్చారో వరుసక్రమంలో నమోదు చేయకపోతే, నెల తర్వాత జరిగే సమీక్షలో మిగిలేవి వాదాలే. నమోదు లేని నిదానం చివరికి ‘సిద్ధమవుతున్నాను’ అనే మాట చాటున తలదాచుకోవడమే అవుతుంది. అటువంటి నిదానం కంటే తొందరపాటే నయం, ఎందుకంటే తొందరపడినవారికి కనీసం రెండో వైఫల్యం నుంచైనా కొత్త సమాచారం దొరుకుతుంది.

జీతం మీద ఇల్లు నడిచేవారికి ఆగే వీలెక్కడిదన్న అభ్యంతరం సబబైనదే. దీనికి కూడా ఏఎస్‌ఎల్‌వీ కాలమే జవాబు చెబుతుంది. ఆ రాకెట్ ఆగిన నాలుగేళ్లలో ఇస్రో మొత్తంగా ఆగిపోలేదు. తర్వాతి రాకెట్ పీఎస్‌ఎల్‌వీ రూపకల్పన సాగుతూనే ఉంది. 1991 ఆగస్టులో ఐఆర్ఎస్-1బి ఉపగ్రహం బైకనూర్ అనే సోవియట్ ప్రయోగ కేంద్రం నుంచి సోవియట్ రాకెట్‌పై వెళ్లింది. ఆగింది చెడిన పని మాత్రమే. ఉద్యోగంలో ఉన్నవారు కూడా జీతం తెచ్చే పనులను యథావిధిగా చేస్తూనే, చెడిన ఆ ఒక్క పనిని, అది వ్యాపార ప్రయత్నమైనా, కొత్త బాధ్యతైనా, పరీక్షైనా, కారణం రుజువయ్యేదాకా మళ్లీ తలకెత్తుకోకుండా ఉండగలరు.