డాలస్ నుంచి వీకెండ్ స్టేట్ పార్కులు: పిల్లలు, పెద్దవాళ్ళతో ఏది బాగుంది, ఏది తేలిపోయింది

ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే డాలస్‌లో మనందరం చేసేది ఒకటే, ఫ్రిస్కో హనుమాన్ గుడి, కాస్ట్‌కో, ఇండియన్ స్టోరు, మళ్ళీ గుడి. రెండో నెల వచ్చేసరికి మా మామయ్య కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధిలో ఎన్ని అమెజాన్ వ్యాన్లు పోయాయో రిపోర్ట్ ఇవ్వడం మొదలుపెట్టారు. ఇక లాభం లేదని వీకెండ్స్‌లో స్టేట్ పార్కుల మీద పడ్డాం. ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న అత్తమ్మ, ఎక్కడికైనా రెడీ అనే మామయ్య, డ్రైవింగ్ చేసే మా ఆయన, పులిహోర కలిపే నేను. ఇంతమందితో వెళ్తే ట్రైల్ ఫొటోల్లో ఎంత బాగుంది అని చూసి లాభం లేదు, నడవలేని వాళ్ళకి అక్కడ ఏముంది అని చూడాలి, నేను మార్కులు వేసేది దాన్ని బట్టే.

ముందు పాస్ సంగతి. టెక్సస్ స్టేట్ పార్క్స్ పాస్ మేం తీసుకున్నప్పుడు ఏడాదికి 70 డాలర్లు, పాస్ ఉన్న మనిషితో పాటు అదే కారులో వచ్చిన అందరికీ ఎంట్రీ ఫీజు ఉండదు. 12 ఏళ్ళ దాకా పిల్లలకి ఎలాగూ ఫ్రీ, ఫేమస్ పార్కుల్లో పెద్దవాళ్ళకి మనిషికి 8 డాలర్ల దాకా ఉండేది, మేం నలుగురం అంటే 32, మూడో ట్రిప్‌కే పాస్ డబ్బులు వచ్చేసినట్టు. కానీ పాస్ ఉంది కదా అని శనివారం పదకొండింటికి తీరిగ్గా బయల్దేరితే కుదరదు, డే పాస్ కూడా ఆన్‌లైన్‌లో ముందే రిజర్వ్ చేసుకుంటే మంచిది, అది 30 రోజుల ముందు నుంచి ఓపెన్ అవుతుంది. పార్కు నిండిందంటే గేటు దగ్గరే ఆపేస్తారు, మా ముందున్న కారుకి అదే అయింది, పాపం ముగ్గురు పిల్లలు వెనక సీట్లోంచి చూస్తూనే ఉన్నారు. ఇంకోటి, చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, కన్ఫర్మేషన్ స్క్రీన్‌షాట్ ఇంటి దగ్గరే తీసి పెట్టుకోండి.

మొదటి ఓటు గ్లెన్ రోజ్‌లో ఉన్న డైనోసార్ వ్యాలీకి. ఫ్రిస్కో నుంచి రెండు గంటల లోపే. పలక్సీ అనే చిన్న నది, దాని అడుగున ఉన్న సున్నపురాయిలో 11 కోట్ల 30 లక్షల ఏళ్ళ నాటి డైనోసార్ అడుగులు. మ్యూజియంలో అద్దం వెనక ఉన్నట్టు కాదు, చెప్పులు తడుపుకుంటూ నీళ్ళలోకి దిగి చూడటమే. మాంసం తినే రకానివి మూడు వేళ్ళు, అచ్చం కోడి కాలి గుర్తు లాగా ఉంటుంది కాకపోతే సైజు మన పళ్ళెం కన్నా పెద్దది, ఆకులు తినే పొడుగు మెడ వాటివి గుండ్రంగా పెద్ద పెద్ద గుంటలు. ఒక గుంటలో నీళ్ళు నిలిచి చిన్న చిన్న చేపపిల్లలు తిరుగుతున్నాయి, మా పాప దాంట్లో కూర్చుని ఇది నా బాత్‌టబ్ అంది, దాని నడుము దాకా సరిపోయింది. మామయ్య పంచె పైకి కట్టి ఆ మూడు వేళ్ళ గుర్తు పక్కన కాలు పెట్టి ఫొటో తీయించుకుని భువనగిరి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేశారు, రాత్రికల్లా నలభై మెసేజ్‌లు.

ఇక్కడ నాకు బాగా నచ్చింది ఏంటంటే ఎవరి ఓపికకి తగ్గట్టు వాళ్ళకి ఉంది. మెయిన్ ట్రాక్ సైట్ కార్ పార్కింగ్‌కి దగ్గరే, కాకపోతే నదిలోకి దిగే చోట రాళ్ళ మెట్లు ఎత్తుగా ఉన్నాయి, అత్తమ్మని ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుని దింపాం, కుదరని వాళ్ళు పైనుంచి కూడా చూడొచ్చు. పిల్లలకి బ్లూ హోల్ దగ్గర ఈత. ఎంట్రన్స్ దగ్గర రెండు పెద్ద డైనోసార్ బొమ్మలు ఉంటాయి, అవి 1964-65 న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో పెట్టినవట, పాతకాలం మోడల్ కాబట్టి సైన్స్ ప్రకారం కరెక్ట్ కాదని మా పెద్దోడు వచ్చినవాళ్ళందరికీ క్లాస్ పీకాడు. 1938లో న్యూయార్క్ మ్యూజియం తరఫున రోలండ్ బర్డ్ అనే ఆయన వచ్చి చూసి, తర్వాత 1940లో కొన్ని అడుగుల్ని రాతితో సహా కోసి తీసుకెళ్ళారు, మిగిలినవే మనం చూసేవి. వెళ్ళే ముందు నదిలో నీళ్ళు ఎంతున్నాయో పార్క్ పేజీలో చూసుకోండి, వర్షాలు పడ్డాక వెళ్తే బురద నీళ్ళు తప్ప ఏం కనపడవు, ఎండాకాలం చివర్లో నీళ్ళు తగ్గినప్పుడే ఎక్కువ కనిపిస్తాయి, 2022 కరువులో అయితే అంతకుముందు మామూలుగా కనపడనివి కూడా బయటపడ్డాయి. వాటర్ షూస్ తప్పనిసరి, నాచు మీద మామూలు చెప్పులు జారిపోతాయి.

అదే ఊళ్ళో ఫాసిల్ రిమ్ ఉంది, మన కారులోనే తిరుగుతూ జిరాఫీలు, జీబ్రాలు చూసేది. మేత కప్పు కొనుక్కుంటే జిరాఫీ కిటికీలోంచి తల పెట్టేస్తుంది. స్టేట్ పార్క్ పాస్ ఇక్కడ పనికిరాదు, టికెట్ వేరే, వీకెండ్ రేటు కాస్త గట్టిగానే ఉంటుంది. అయినా అత్తమ్మకి మొత్తం ట్రిప్‌లో నచ్చింది ఇదే, ఎందుకంటే ఒక్క అడుగు నడవక్కర్లేదు, ఏసీలో కూర్చుని అన్నీ చూసింది. అట్లాంటి వాళ్ళు మీ ఇంట్లో ఉంటే డబ్బులకి చూడకండి.

గ్లెన్ రోజ్ నుంచి హైకో మీదుగా 281 హైవే పట్టుకుంటే హామిల్టన్, లాంపాసస్ దాటి బర్నెట్ దాకా పోవచ్చు, ఇంటర్‌స్టేట్ 35 మీద ట్రాఫిక్‌లో చావడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం. హైకోలో కాఫీ కప్ అని పాత హోటల్, పైస్‌కి పేరు, గుడ్డు తినని వాళ్ళకి మాత్రం అక్కడ పెద్దగా ఏం లేదు, మా అత్తమ్మ ఫ్రెంచ్ ఫ్రైస్, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయతో కానిచ్చింది. మార్చి చివర, ఏప్రిల్‌లో ఈ రోడ్డు పక్కన బ్లూబానెట్స్ పూస్తాయి, ఫొటోలకి కారు ఆపేవాళ్ళు గడ్డిలో పాముల్ని చూసుకోండి.

బర్నెట్ దగ్గర ఇంక్స్ లేక్ స్టేట్ పార్క్, దీని మీద నాకు ముందు ఏ ఆశా లేదు, అన్నిటికన్నా ఎక్కువ సంతోషపెట్టింది ఇదే. కొలరాడో నది మీద కట్టిన చెరువు (గ్రాండ్ కాన్యన్ కొలరాడో కాదు, టెక్సస్‌లో పుట్టి టెక్సస్‌లోనే సముద్రంలో కలిసేది), నీటి మట్టం ఎప్పుడూ దాదాపు ఒకేలా ఉంచుతారు కాబట్టి మిగతా లేకులు ఎండి బోసిగా ఉన్నప్పుడు కూడా ఇక్కడ నిండుగా ఉంటుంది. డెవిల్స్ వాటర్‌హోల్ వైపు చిన్న ట్రైల్, గులాబీ రంగు రాళ్ళ మీదుగా, పిల్లలు ఎక్కుతూ దిగుతూ పోతారు. చివర్లో కుర్రాళ్ళు రాళ్ళ మీద నుంచి నీళ్ళలోకి దూకుతుంటారు, లైఫ్‌గార్డ్ ఉండడు, మా పెద్దోడు నేను కూడా అన్నాడు, వాళ్ళ నాన్న చూపుతోనే సమాధానం చెప్పారు. స్టేట్ పార్కుల్లో ఒడ్డు నుంచి చేపలు పట్టడానికి లైసెన్స్ అక్కర్లేదు, ఇది మామయ్యకి చెప్పడమే ఆలస్యం, పొద్దున్న మేం లేచేసరికే పక్క క్యాంప్ అతనితో సైగల భాషలో స్నేహం చేసుకుని గాలం పట్టుకుని కూర్చున్నారు. చేప పడలేదు, ఆ విషయం గ్రూప్‌లో పెట్టలేదు.

అక్కడ పార్క్ క్యాబిన్‌లోనే ఉన్నాం. ఏసీ ఉంది, మంచాలు ఉన్నాయి, అంతే. దుప్పట్లు, దిండ్లు మనవే, బాత్రూమ్ బయట కాస్త నడవాలి. రాత్రి రెండింటికి అత్తమ్మని టార్చ్ లైట్‌తో తీసుకెళ్తుంటే దారిలో జింకలు నిలబడి చూస్తున్నాయి, మాకు బాగానే ఉంది, ఆవిడకి మాత్రం కాదు. పిల్లలతో మాత్రమే అయితే క్యాబిన్ సూపర్, పెద్దవాళ్ళుంటే బర్నెట్ లేదా మార్బుల్ ఫాల్స్‌లో కిచెన్ ఉన్న హోటల్ రూమ్ తీసుకోండి. కిచెన్ అంటే నా ఉద్దేశం స్టవ్ అక్కర్లేదు, ఫ్రిజ్, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ పెట్టుకోడానికి ఒక ప్లగ్ ఉంటే చాలు, పెరుగన్నం ఉంటే మన వాళ్ళు ఎంత దూరమైనా వస్తారు.

పక్కనే ఉన్న లాంగ్‌హార్న్ కావర్న్ గుహ గురించి రెండు ముక్కలు. పేరు స్టేట్ పార్కే గానీ గుహ టూర్‌కి టికెట్ కొనాల్సిందే. లోపల ఏడాదంతా 68 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆగస్టు మధ్యాహ్నం దాక్కోడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. మన బెలుం గుహల లాగే ఇది కూడా నీటి ప్రవాహం కోసిన గుహ, గోడలు నున్నగా ఉంటాయి, కానీ బెలుంలో పట్టే చెమట ఇక్కడ పట్టదు. గంటన్నర నడక, కొన్ని చోట్ల వంగి నడవాలి, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళని పైనే కూర్చోబెట్టండి.

ఇక అందరూ అడిగే ఎన్‌చాంటెడ్ రాక్. ఒకే ఒక్క పెద్ద గులాబీ గ్రానైట్ బండ, చుట్టూ నేల కన్నా 425 అడుగుల ఎత్తు, సమ్మిట్ ట్రైల్ ఒక వైపు 0.8 మైలు. చూడగానే మామయ్య, "గింత దూరం తోలుకొచ్చి మన భువనగిరి గుట్టనే చూపిస్తున్నవా బిడ్డా" అన్నారు. నిజమే, రెండూ గ్రానైటే, పైగా ఈ బండ వయసు సుమారు 100 కోట్ల ఏళ్ళు, మన హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ళది. ఇది చెప్పాక ఆయన ఛాతీ ఇంకొంచెం పొంగింది, ఆ ఊపులో పిల్లల కన్నా ముందు పైకెక్కేశారు. పైన బండ మీద అక్కడక్కడ లోతులేని గుంటల్లో వాన నీళ్ళు, వంగి ఓపిగ్గా చూస్తే గోరంత కూడా లేని అద్దం లాంటి రొయ్యలు వెల్లకిలా ఈదుతూ కనిపించాయి, గుంట ఎండితే వాటి గుడ్లు అందులోనే ఉండి మళ్ళీ వానకి పొదుగుతాయట. అందుకే ఆ గుంటల్లో, ఎండిపోయినవి అయినా సరే, కాలు పెట్టొద్దని చెప్తారు.

కానీ నిజం చెప్పాలంటే ఇది అందరూ పొగిడినంత ఫ్యామిలీ పార్క్ కాదు. పైకి వెళ్ళే దారిలో నీడ లేదు, పైన నీళ్ళు దొరకవు, కింద ఉండిపోయిన వాళ్ళకి చెట్ల కింద బెంచీలు తప్ప చూడ్డానికి ఏమీ లేదు, అత్తమ్మ రెండు గంటలు విష్ణు సహస్రనామం పెట్టుకుని కూర్చుంది. చలికాలంలో పొద్దున్నే అయితే వెళ్ళండి, మే నుంచి సెప్టెంబర్ దాకా వద్దు.

దానికి 18 మైళ్ళలో ఫ్రెడరిక్స్‌బర్గ్, 1846లో జర్మన్లు కట్టుకున్న ఊరు. మెయిన్ స్ట్రీట్‌లో షాపులన్నీ వైన్, సాసేజ్, కొవ్వొత్తులు, మన ఫ్యామిలీకి గంట చాలు. పసిఫిక్ వార్ మ్యూజియం మాత్రం మా ఆయన్ని బయటికి లాక్కురావాల్సి వచ్చింది. అక్కడ ఒక వెకేషన్ రెంటల్‌లో దిగాం, పేరెందుకులే, ఫొటోల్లో రాజభవనం, వెళ్తే మెట్ల మీద రెయిలింగ్ లేదు, రాత్రి అద్దెకి దాదాపు సమానంగా క్లీనింగ్ ఫీజు, అంత కట్టాక కూడా పొద్దున్నే దుప్పట్లు వాషర్‌లో వేసి, గిన్నెలు కడిగి, చెత్త రోడ్డు మీద పెట్టి పొమ్మని గోడకి కాగితం. మా అత్తమ్మ "మనమే పనిమనుషులమా" అంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు బుక్ చేసే ముందు మెట్లు, బాత్రూమ్‌లో పట్టుకోడానికి హ్యాండిల్, కింద బెడ్‌రూమ్ ఉందా అని మెసేజ్ పెట్టి అడగండి, జవాబు రాకపోతే వదిలేయండి.

మే నుంచి ఆగస్టు దాకా ఈ ఏరియాలో రోడ్డు పక్కన పీచెస్ అమ్ముతారు. బుట్టలో పైన ఉన్నవి చూసి కొనకండి, కిందవి తిప్పి చూపించమంటే చూపిస్తారు, మెత్తబడినవి తక్కువ రేటుకి విడిగా కూడా ఇస్తారు. వాటితో పచ్చడి చేశాను, అల్లం పచ్చిమిర్చి వేసి, మామిడికాయ పుల్లదనం ఉండదు గానీ దోసెల్లోకి బాగుంది.

తర్వాత క్యాడో లేక్ అనుకుంటున్నాం, నీళ్ళలో నిలబడ్డ సైప్రస్ చెట్లు, నవంబర్‌లో ఎర్రబడతాయి, పడవలో కూర్చుంటే చాలు కాబట్టి అత్తమ్మకి కూడా ఓకే. క్యాబిన్లు 5 నెలల ముందే ఓపెన్ అవుతాయి, నవంబర్ వీకెండ్స్ కావాలంటే జూన్‌లోనే చూసుకోవాలి, మేం ఇప్పుడు క్యాన్సిలేషన్ల కోసం రోజూ రాత్రి రిఫ్రెష్ కొడుతున్నాం.