‘షుగర్ బియ్యం’ ఆర్‌ఎన్‌ఆర్ 15048: వండి, తిని, మీటర్ పెట్టి చూశాక

తెలంగాణ సోనా అన్నా, ఆర్‌ఎన్‌ఆర్ 15048 అన్నా, కిరాణా కొట్టువాళ్లు ‘షుగర్ బియ్యం’ అన్నా ఒకటే. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన కేంద్రంలో ఎంటీయూ 1010, జేజీఎల్ 3855 రకాలను కలిపి పుట్టించిన వంగడం, 2015లో విడుదలైంది. మా ఇంట్లో ఇప్పుడు ఇదే వండుతున్నాం. నాకు టైప్ 2 షుగర్, మెట్‌ఫార్మిన్ గోలీ వేసుకుంటాను. హన్మకొండలో జాకెట్లు కుడతాను, పొద్దంతా మిషన్ ముందు కూర్చునే పని.

ముందు రుచి. గింజ సన్నంగా, బీపీటీ (సాంబ మసూరి) కన్నా కాస్త పొట్టిగా ఉంటుంది. అన్నం తెల్లగా, మెత్తగా వస్తుంది. కొత్త బియ్యానికి అలవాటు కొద్దీ నీళ్లు పోస్తే కుక్కర్‌లో ముద్దయిపోతుంది, తగ్గించి పోయాలి. పచ్చిపులుసులోకి బ్రహ్మాండం. పులిహోరకైతే పాత బియ్యమే తెచ్చుకోండి. షుగర్ బియ్యం అనగానే మా ఆయన మూతి ముడిచాడు. ఏ బియ్యమో చెప్పకుండా వండితే మారు పెట్టించుకున్నాడు!

ఇక అసలు సంగతి. దీని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నది రక్తంలో షుగర్‌ను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె, 51 చిల్లర అని చెబుతారు. 55 లోపు ఉంటే తక్కువ కింద లెక్క, కాబట్టి మంచి అంకే. కానీ ఆ అంకె ఎలా తీస్తారో తెలిస్తే కంచం వంక కొత్తగా చూస్తాం. 50 గ్రాముల పిండిపదార్థం ఉండేంత అన్నమే పెట్టి, అంతే గ్లూకోజ్‌తో పోల్చి కొలుస్తారు. అంటే సుమారు 65 గ్రాముల బియ్యం, చిన్న చాయ్ గ్లాసు కూడా నిండదు. మనం మధ్యాహ్నం పెట్టుకునేది అంతేనా? కుప్ప పోసుకుని, పైన పెరుగన్నం వేరే. ఆ కుప్పకు 51 పూచీ పడదు.

అందుకే ఇంట్లో మీటర్ పెట్టి చూశాను. సూదులతో బతికేదాన్ని, వేలికి ఇంకో పోటు పెద్ద లెక్క కాదు. బీపీటీ అన్నం ఎప్పటిలా తిన్న రోజు, రెండు గంటల తర్వాత షుగర్ 231. అదే కుప్ప ఆర్‌ఎన్‌ఆర్‌తో 214. తగ్గిందని సంబరపడేలోపు ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి: ఇంటి మీటర్లు ల్యాబ్ లెక్కకు 15 శాతం దాకా అటూ ఇటూ చూపించినా ప్రమాణం ఒప్పుకుంటుంది. కాబట్టి ఈ 17 తేడా బియ్యం గొప్పో, మీటర్ పొరపాటో చెప్పలేం. అన్నం సగానికి తగ్గించి, ముందు బీరకాయ కూర, పాలకూర పప్పు తిని, తర్వాత అన్నం కలుపుకుని, మిషన్ ఎక్కకుండా వీధి చివరిదాకా నడిచొచ్చిన రోజు మాత్రం 166. ఈ తేడా మీటర్‌ది కాదు, కంచానిదీ కాళ్లదీ. తిన్నాక 180 లోపు ఉంటే చాలని మా డాక్టర్ పెట్టిన హద్దు.

పక్కింటి వదిన వచ్చి “ఈ బియ్యం తింటే గోలీ మానేయొచ్చటగా?” అంది. వద్దే వద్దు వదినా, గోలీ సంగతి డాక్టర్‌తోనే తేల్చుకో అన్నాను. నేనైతే మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించుకుని ఆ కాగితం పట్టుకునే వెళ్తాను. రాత్రిపూట జొన్నరొట్టె మానలేదు, ఈ బియ్యం వచ్చిందని రెండు పూటలా అన్నం మొదలుపెట్టలేదు.

కొనే దగ్గర ఒక చిరాకు. ఒక దుకాణంలో ‘షుగర్ ఫ్రీ రైస్’ అని ముద్ర కొట్టిన సంచి ఎక్కువ ధరకు అంటగట్టబోయారు. బియ్యంలో ఉండేదే పిండిపదార్థం, అది కడుపులో గ్లూకోజ్ కాక ఏమవుతుంది? ఇందులో ఫ్రీ ఏముందో వాళ్లకే తెలియాలి. సంచి మీద రకం పేరు లేకపోతే వదిలేయండి. మాకు తెలిసిన రైతు పండించి మిల్లు పట్టించినవి మామూలు సన్నబియ్యం ధరకే దొరుకుతున్నాయి, పాలిష్ తక్కువ పట్టమని అడిగే వీలు కూడా ఉంది.

రుచికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. షుగర్‌కైతే మూడు, అదీ అన్నం కొలిచి పెట్టుకుంటేనే. మొదటిసారి ఐదు కిలోలే తెచ్చుకుని, మీ కుక్కర్‌లో నీళ్ల లెక్క కుదిరాక బస్తా చెప్పండి.