దేవుడు మనకి పెట్టిన పేర్ల కార్డులు: కొనండి, కానీ బైబిలు కూడా తెరిచి పెట్టుకోండి

దేవుడు మనల్ని ఏమని పిలుస్తాడో రోజుకో కార్డు చొప్పున ధ్యానించుకునే సెట్ ఇది. ఒకవైపు "నా సొత్తు", "స్నేహితుడు", "దేవుని బిడ్డ" లాంటి పేరు, వెనకవైపు ఒక వాక్యం, నాలుగు లైన్ల వివరణ, చిన్న ప్రార్థన. కార్డులు మందంగా ఉన్నాయి, అక్షరాలు పెద్దవి, పెద్దవాళ్ళు కళ్ళజోడు వెతుక్కోకుండా చదివేయొచ్చు. పెట్టె మూత మాత్రం వదులు, బ్యాగులో వేసుకుంటే కార్డులన్నీ బయటికొచ్చేస్తాయి.

ఉన్నవాటిలో బెస్ట్ గిద్యోను కార్డు. మిద్యానీయులకి కనబడకుండా గానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టుకుంటున్న మనిషిని దూత వచ్చి "పరాక్రమముగల బలాఢ్యుడా" అని పిలిచాడు. ఆ పిలుపు విన్నాక కూడా గిద్యోను మా కుటుంబం ఏ లెక్కలోకీ రానిది అంటూ సాకులు చెప్పాడు, బయలు దేవత బలిపీఠాన్ని పగలు కూల్చడానికి భయపడి రాత్రి కూల్చాడు, గొర్రెబొచ్చుతో దేవుడికే రెండుసార్లు పరీక్ష పెట్టాడు. వివరణ రాసినవాళ్ళు ఇవేవీ దాచలేదు, పేరు ముందొచ్చింది, ధైర్యం మెల్లగా వెనకాల వచ్చింది అని రాశారు. చాలా నచ్చింది. నయోమి కార్డు కూడా అంతే. "నన్ను మారా అనుడి" అని భర్తనీ కొడుకుల్నీ పోగొట్టుకున్న ఆవిడ తనకి తానే చేదు పేరు పెట్టుకుంది గానీ, రూతు గ్రంథం చివరిదాకా ఆవిడని నయోమి అనే పిలుస్తుంది. నేనో ఫెయిల్యూర్‌ని, నేనెందుకూ పనికిరాను అని రోజూ లోపల అనుకునేవాళ్ళకి ఈ ఒక్క కార్డు చాలు.

యాకోబు కార్డు దగ్గర మాత్రం నిరాశపడ్డాను. "నువ్విక యాకోబువి కాదు, ఇశ్రాయేలువి, పాతదంతా మర్చిపో" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆదికాండం 32 తీసి చదివితే కథ అంత సులువుగా లేదు కదా. ఎవరో ఒక మనిషితో తెల్లవారేదాకా పెనుగులాట, యాకోబు తొడగూడు వసిలింది, ఆ తర్వాత ఆ మనిషి వేసిన "నీ పేరేమి" అన్న ప్రశ్న. ఇదే మనిషి 27వ అధ్యాయంలో గుడ్డి తండ్రి ఎవరు నువ్వని అడిగితే "నేను ఏశావుని" అని అబద్ధం చెప్పి దీవెన కొట్టేశాడు, ఇక్కడ తన అసలు పేరు ఒప్పుకున్నాకే కొత్త పేరు వచ్చింది, అదీ కుంటుకుంటూ నడవడంతో పాటు. ఇంకో సంగతి, ముసలితనంలో ఐగుప్తుకి వెళ్ళేటప్పుడు దేవుడే మళ్ళీ "యాకోబూ యాకోబూ" అని పిలిచాడు (46:2). పేతురు విషయమూ అంతే, యేసుని ఎరగనని బొంకకముందు హెచ్చరించినప్పుడూ, తర్వాత సముద్రతీరాన "నన్ను ప్రేమించుచున్నావా" అని అడిగినప్పుడూ ప్రభువు "సీమోనూ" అని పాత పేరుతో పిలిచాడు. కొత్త పేరు వచ్చింది కాబట్టి పాత మనిషితో దేవుడికి పని లేదన్నట్టు రాయడం వాక్యానికి న్యాయం చెయ్యడం కాదు. పోయినవారం వరకూ కోపిష్ఠిగా ఉన్నవాడు ఈ కార్డు చదివి మర్నాడు మళ్ళీ ఇంట్లో అరిస్తే, ఆ పేరు నాది కాదేమో అని కుంగిపోడూ?

పౌలు కార్డు అయితే తప్పే. దమస్కు దారిలో దేవుడు సౌలు పేరు పౌలుగా మార్చాడట! ఆ దారిలో వినిపించింది "సౌలా, సౌలా" అనే. తర్వాత కుప్ర ద్వీపంలో, అపొస్తలుల కార్యములు 13:9లో "పౌలు అనబడిన సౌలు" అని మాత్రమే ఉంది, దేవుడు మార్చాడని ఎక్కడా లేదు. ప్రసంగాల్లో విని విని అలవాటైపోయింది గానీ, అచ్చు వేసేముందు ఒక్కసారి చూసుకోవాలిగా.

ఇంకో పేచీ, అన్నీ "నువ్వు", "నీకు" అనే రాశారు. యెషయా 62లో "హెఫ్సీబా" (ఆమెలోనే నా ఆనందం) అన్నది పాడైపోయిన సీయోను పట్టణాన్ని, మొదటి పేతురు 2:9లో "ఏర్పరచబడిన వంశము" అన్నది సంఘం మొత్తాన్ని. ఒంటరిగా కూర్చుని చదివితే ఇవి సగమే అందుతాయి. కుటుంబ ప్రార్థనలో తలో కార్డు తీసి గట్టిగా చదువుకుంటే బాగుంటుంది, ముఖ్యంగా ఎదుటివాళ్ళకి వచ్చిన పేరుతో వాళ్ళని మీరు పిలిస్తే.

చివర్లో ఒక ఖాళీ కార్డు ఉంది, "నీ పేరు నువ్వే రాసుకో" అని. కింద ఇచ్చిన వాక్యమేమో ప్రకటన 2:17, జయించినవాడికి తెల్లరాయి మీద కొత్త పేరు ఆయనే చెక్కించి ఇస్తానన్నది! నేనైతే ఖాళీగానే ఉంచాను.

ఐదుకి మూడున్నర స్టార్లు. యూత్ మీటింగ్‌కి, బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకి కానుకగా హాయిగా ఇవ్వొచ్చు, పౌలు కార్డు మాత్రం తీసేసి ఇవ్వండి.