బడి బువ్వా, ఇంటి సద్దా? పొద్దటి టిఫిన్ సంగతి ఏమిటి?

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పత్తి ఏరే కాలం వచ్చిందంటే కూలికి వెళ్లే తల్లులు తెల్లవారకముందే వంట ముగించి, పొద్దు పొడిచేసరికి ఆటో ఎక్కి చేనికి చేరుకోవలసి ఉంటుంది. పిల్లలు నిద్ర లేచేటప్పటికి చాలా ఇళ్లలో పెద్దవాళ్లు ఉండరు. తొమ్మిదింటికి బడికి చేరేలోగా పిల్లలు ఏం తింటారు, మధ్యాహ్నం బడిలో పెట్టే అన్నం తింటారా, ఇంటి నుంచి సద్ది కట్టి పంపాలా, ఇవేవీ కుదరకపోతే హాస్టల్లో చేర్చడమే నయమా అన్నవి ఇక్కడి కుటుంబాలు ఏటా బడులు తెరిచే జూన్‌లో తమలో తాము తేల్చుకొనే ప్రశ్నలు. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే మధ్యాహ్నం విషయంలో జవాబు దాదాపు తేలిపోయిందనీ, అసలు లోటు పొద్దున పూటదేననీ నాకు అనిపిస్తుంది.

ముందుగా, పిల్లలకు హక్కుగా రావలసినది ఎంతో తెలియాలి. 1995 ఆగస్టు 15న కేంద్రం మధ్యాహ్న భోజన పథకాన్ని ప్రారంభించినప్పుడు చాలా రాష్ట్రాల్లో పిల్లల ఇంటికి బియ్యమే ఇచ్చేవారు. వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించిన తర్వాత, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి బడుల్లో పొయ్యి వెలిగింది. 2013 ఆహార భద్రతా చట్టంతో అది హక్కు అయింది. 2021లో పథకం పేరు పీఎం పోషణ్‌గా మారింది. 8వ తరగతి దాకా ఖర్చును కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. 9, 10 తరగతుల పిల్లలకు తెలంగాణ ప్రభుత్వం తన సొంత నిధులతో పెడుతోంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలకే ఇది వర్తిస్తుంది కాబట్టి, ఫీజు కట్టి ప్రైవేటు బడికి పంపే కూలి కుటుంబం ఆ ఫీజుతో పాటు ఒక పూట భోజనాన్ని కూడా తన నెత్తినే వేసుకుంటున్నదని లెక్కలో కలుపుకోవాలి.

ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె ఇవ్వాలని నిబంధన. దీని నుంచి సుమారు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. 6 నుంచి 8 తరగతులకు ఇది 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పుతో 700 కేలరీలకు, 20 గ్రాముల మాంసకృత్తులకు పెరుగుతుంది. తెలంగాణలో దీనికి తోడు వారానికి మూడు గుడ్లు ఉన్నాయి. ఒక్కో గుడ్డులో దాదాపు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. 2015 నుంచి దొడ్డు బియ్యం స్థానంలో సన్నబియ్యం వండుతున్నారు. పిల్లలు పళ్లెంలో అన్నం వదిలేయకుండా తినడానికి ఈ ఒక్క మార్పు చాలా మేలు చేసిందని నేను నమ్ముతాను.

ఇప్పుడు ఇంటి సద్దిని దీని పక్కన పెట్టి చూద్దాం. తీరిక ఉన్న రోజున తల్లి చేసిన జొన్నరొట్టె, పుంటికూర పప్పు, గట్టి పెరుగు ముందు బడి సాంబారు నిలవదన్నది నిజం. కానీ వరి నాట్ల రోజుల్లో, పత్తి రోజుల్లో సద్దిగిన్నెలోకి వెళ్లేది సాధారణంగా అన్నం, ఇంత తొక్కు లేదా పలచని టమాట కూర మాత్రమే. పప్పు, గుడ్డు రోజూ కొని పెట్టగలిగే స్తోమత అన్ని ఇళ్లకూ ఉండదు. రెండో సంగతి వేళ. తెల్లవారుజామున అయిదింటికి వండి మూత బిగించిన అన్నాన్ని పిల్లవాడు మధ్యాహ్నం పన్నెండున్నరకు విప్పుతాడు. ఫిబ్రవరి దాటాక మన ఎండలకు ఆ ఏడెనిమిది గంటల్లో పప్పు పులిసిపోవడం, కూర జిగురు రావడం ప్రతి తల్లికీ తెలిసిన విషయమే. బడిలో అన్నం వేడిగా ఉన్నప్పుడే పళ్లెంలోకి వస్తుంది. అందుచేత చెడిపోయిన కడుపుతో, ఏదైనా జబ్బుతో పథ్యం తినవలసిన పిల్లలకు తప్ప, మిగతా వారికి మధ్యాహ్నం బడి భోజనమే మేలని చెప్పడానికి నేను వెనుకాడను. చాలా బడుల్లో పిల్లలు చిన్న డబ్బాలో ఇంటి కూర తెచ్చుకొని, బడి అన్నంలో కలుపుకొని తింటారు. దీన్ని కొందరు ఉపాధ్యాయులు వద్దంటారు గాని, రుచి కుదరని రోజున పిల్లవాడు ఆకలితో ఉండకుండా కాపాడే మంచి మధ్యేమార్గం ఇదే.

బడి భోజనంలో లోపాలు లేవని దీని అర్థం కాదు. 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు అస్వస్థులై ఆసుపత్రి పాలైనప్పుడు రాష్ట్రమంతా తల్లిదండ్రులు కలవరపడ్డారు, అది సహజం. అయితే అలాంటి ఘటన చూసి పిల్లల్ని మళ్లీ డబ్బాకు మార్చడం కన్నా, వంట ఎందుకు చెడుతుందో చూడడం అవసరం. 2025 మే నుంచి ప్రాథమిక పిల్లవాడికి రోజుకు ఇచ్చే వంట ఖర్చు 6 రూపాయల 78 పైసలు, పై తరగతులకు 10 రూపాయల 17 పైసలు. బియ్యం దీనిలో కలవదు. పప్పు, నూనె, కూరగాయలు, ఉప్పు కారాలు, గ్యాసు లేదా కట్టెలు అన్నీ ఇందులోనే. వంద మంది ఉన్న బడికి రోజుకు 678 రూపాయలు వస్తాయి, సర్దుకోవచ్చు. ముప్పై మంది ఉన్న తండా బడికి వచ్చేది 203 రూపాయలు. గ్యాసు బండ ఖర్చు మాత్రం ఆ దామాషాలో తగ్గదు. ఆ డబ్బయినా నెలనెలా రాకపోతే వంట చేసే అక్కలు కిరాణా కొట్టులో అప్పు పెట్టి వండవలసి వస్తుంది, అప్పు పెరిగే కొద్దీ పప్పు పలచనవుతుంది. పల్లెలో బడి భోజనం బాగుందా లేదా అన్న ప్రశ్నకు సగం సమాధానం బిల్లులు ఎన్నాళ్లకు వస్తున్నాయన్న దానిలోనే ఉంది.

నల్లగొండ జిల్లా పశ్చిమ మండలాల వారు ఇంకో విషయం గమనించాలి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వంటి చోట్ల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. కాచితే అది పోదు సరికదా, నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. ఇంట్లోనైనా బడిలోనైనా అన్నం, పప్పు ఏ నీటితో ఉడికాయన్నది ఇక్కడ కూర రుచి కన్నా పెద్ద విషయం. మిషన్ భగీరథ నీరు బడి వంటగది దాకా వస్తున్నదా, లేక తాగడానికి ఆ నీరు, వండడానికి బోరు నీరు వాడుతున్నారా అని తల్లిదండ్రులు ఒకసారి వెళ్లి చూడాలి. ఆహారంలో కాల్షియం తగినంత ఉంటే ఫ్లోరైడ్ ఒంటికి పట్టడం తగ్గుతుంది కాబట్టి, 2023లో బడుల్లో మొదలైన రాగిజావ ఈ ప్రాంతపు పిల్లలకు మిగతా వారికన్నా ఎక్కువ అవసరం. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే, బియ్యంలో పది మిల్లీగ్రాములకు అటూఇటూగానే ఉంటుంది.

ఇక పొద్దున పూట. మధ్యాహ్న భోజనం ఇరవై ఏళ్లకు పైగా నడుస్తున్నా, ఉదయం ఖాళీ కడుపుతో వచ్చే పిల్లవాడికి అది మూడున్నర గంటల తర్వాతి మాట. మొదటి రెండు పీరియడ్లలో తెలుగూ లెక్కలూ చెబుతారు. ఆకలితో ఉన్న పిల్లలకు అవే సరిగ్గా ఎక్కవు. ఈ లోటు తీర్చడానికి రాష్ట్ర ప్రభుత్వం 2023 అక్టోబరు 6న ముఖ్యమంత్రి అల్పాహార పథకాన్ని ఒకటి నుంచి పదో తరగతి దాకా ప్రారంభించింది. ఇడ్లీ సాంబారు, పూరీ ఆలూ కుర్మా, ఉప్మా, పొంగలి, చిరుధాన్యాల ఇడ్లీ వంటివి రోజుకొకటి చొప్పున, బడి మొదలవడానికి 45 నిమిషాల ముందు పెట్టాలన్నది ఏర్పాటు. అది అన్ని బడులకూ పూర్తిగా చేరకముందే ఎన్నికలు వచ్చాయి, ప్రభుత్వం మారాక చాలా చోట్ల ఆగిపోయింది. ఉమ్మడి పాలమూరులోని కొడంగల్ ప్రాంతంలో స్వచ్ఛంద సంస్థ సాయంతో అల్పాహారం పెడుతున్నారు; మిగతా మండలాల పిల్లలకు మాత్రం జావ ఇచ్చే రోజుల్లో జావ, లేని రోజుల్లో ఇంట్లో ఏముంటే అది.

పొద్దున తిండి ఇంట్లోనే పెట్టుకోవడం మేలా, బడిలోనే పెట్టడం మేలా? ఇంట్లో పెద్దవాళ్లు ఉండి, రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి ఉల్లిపాయతో పెట్టినా సరే, అది బడి ఉప్మాకు తీసిపోదు. అలాంటి ఇంటికి పిల్లవాణ్ని ముప్పావు గంట ముందే బడికి పంపవలసిన పని లేదు. అయితే నాయనమ్మ, అమ్మమ్మ దగ్గర లేని ఇళ్లు, తల్లిదండ్రుల్లో ఒకరు ముంబయికో పుణెకో వలస వెళ్లిన ఇళ్లు, దేవరకొండ చుట్టుపక్కల తండాల నుంచి, అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటల (గూడేల) నుంచి దూరం నడిచి వచ్చే పిల్లలు ఉన్న చోట బడి టిఫిన్‌కు సాటి మరొకటి లేదు. ఏడెనిమిదేళ్ల పిల్లవాడు పొయ్యి వెలిగించలేడు. చేతిలో పది రూపాయలు పెట్టి పోతే కొట్టులో చిప్స్ పొట్లం కొంటాడు. ఇలాంటి ఇళ్లకు పొద్దటి టిఫిన్ తల్లి కూలికి అరగంట ముందు వెళ్లే వీలునూ, పిల్లవాడు బడి మానకుండా ఉండే కారణాన్నీ ఒకేసారి ఇస్తుంది. బడిలో అందరికీ పెడితేనే ఇది పనిచేస్తుందని కూడా చెప్పాలి. పేదవారికి మాత్రమే అని గీత గీస్తే, అవసరం ఉన్న పిల్లలే మొహమాటంతో వరుసలో నిలబడరు.

ఒంటిపూట బడులప్పుడు ఈ అవసరం రెట్టింపవుతుంది. మార్చి నడుమ నుంచి బడి ఎనిమిదింటికే మొదలవుతుంది, భోజనం మాత్రం బడి ముగిసే పన్నెండున్నర వేళకే పెడతారు. ఏడింటికి ఇల్లు వదిలిన పిల్లవాడు ఎండ ముదిరే దాకా ఏమీ లేకుండా కూర్చోవడం ఏ లెక్కన చూసినా సరికాదు.

అయితే టిఫిన్ వండేదెవరు? 2023లో పెద్దగా చర్చకు రానిది ఇదే. వంట మనిషికి కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 1000 రూపాయలు, రాష్ట్రం కలిపాక తెలంగాణలో 3000 రూపాయలు. ఉపాధి హామీ పనికి 2025-26లో రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలని గుర్తు చేసుకుంటే, బడి వంట చేసే అక్క నెలంతా పడే శ్రమకు పది రోజుల మట్టి పని కూలి కూడా రావడం లేదు. అదే మనిషిని ఆరింటికే వచ్చి పూరీలు వత్తమంటే రెండు పూటల వంటా చెడుతుంది. తమిళనాడు 2022 సెప్టెంబరు 15న ఒకటి నుంచి అయిదో తరగతి దాకా 1,545 బడుల్లో పొద్దటి టిఫిన్ మొదలుపెట్టినప్పుడు, మధ్యాహ్న వంట సిబ్బంది మీద ఆ భారం వేయకుండా మహిళా సంఘాల సభ్యులకు విడిగా అప్పగించింది. 2023 ఆగస్టు 25 నాటికి ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ విస్తరించింది. మన అధికారులు అక్కడికి వెళ్లి ఆ పథకాన్ని చూసి వచ్చారు గాని, దానిలోని ఈ ముఖ్యమైన భాగాన్ని ఇక్కడ తగినంత పట్టించుకోలేదు.

వంటను పెద్ద కేంద్రీకృత వంటశాలకు అప్పగించి వ్యానులో పంపడం మరో మార్గం. మహబూబ్‌నగర్ పట్టణం వంటి చోట, బడులు దగ్గర దగ్గరగా ఉండి వంటగదికి చోటు లేనప్పుడు, అది శుభ్రమైన, నమ్మకమైన ఏర్పాటు. పల్లెల్లో మాత్రం నేను బడి వంటకే ఓటు వేస్తాను. ముప్పై నలభై కిలోమీటర్ల దూరం ప్రయాణించిన అన్నం గట్టిపడుతుంది. వ్యాను ఆగిపోతే ఆ రోజు ప్రత్యామ్నాయం ఉండదు. అక్షయపాత్ర వంటి సంస్థలు గుడ్డు వండవు కాబట్టి దానికి బడిలో వేరే ఏర్పాటు చేసుకోవాలి. ఊళ్లోనే వండే అక్క పిల్లల తల్లులకు ఎదురుపడుతుంది, ఉప్పెక్కువైతే ఆ సాయంత్రమే అడగవచ్చు.

హాస్టల్ సంగతి క్లుప్తంగా చెబుతాను. 2024లో ప్రభుత్వ హాస్టళ్లలో మెస్ చార్జీలు పెరిగాక ఒక్కో పిల్లవాడికి 3 నుంచి 7 తరగతులకు నెలకు 1,330, 8 నుంచి 10 తరగతులకు 1,540 రూపాయలు ఇస్తున్నారు. తల్లిదండ్రులిద్దరూ ఆరు నెలలు వలస వెళ్లే ఇంటికి గురుకులమో, వలస పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టలో నిజమైన ఆసరా. కేవలం తిండి కోసమే ఎనిమిదేళ్ల బిడ్డను ఇంటికి దూరం చేయడం మాత్రం, ఊరి బడిలో రెండు పూటలా పెట్టగలిగితే, అక్కర్లేని త్యాగం.

తల్లిదండ్రుల చేతిలో ఉన్న అధికారం చిన్నది కాదు. 2015 మధ్యాహ్న భోజన నియమాల ప్రకారం వడ్డించేముందు ఒక ఉపాధ్యాయుడితో సహా పెద్దవాళ్లు రుచి చూడాలి. భోజనం పెట్టని రోజుకు పిల్లవాడికి ఆహార భద్రతా భత్యం రావాలి. వరుసగా మూడు బడి రోజులు గాని, నెలలో అయిదు రోజులు గాని ఆగితే బాధ్యులెవరో రాష్ట్రం తేల్చాలి. 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలలో ఉన్నవారు తల్లులే కాబట్టి, రుచి చూసే రిజిస్టరును వారానికోసారైనా తెరిపించవచ్చు, నీటి కుళాయి ఏదో అడగవచ్చు, బిల్లు ఎన్ని నెలలది రావాలో రాయించవచ్చు.

డబ్బు ఒక్క పనికే ఉందంటే గుడ్డూ పప్పూ తగ్గించి టిఫిన్ పెట్టడాన్ని నేను ఒప్పుకోను. ముందు మధ్యాహ్నం బిల్లులు నెలలోపు చెల్లించాలి. ఆ తర్వాతి రూపాయి మాత్రం పొద్దున పూటకే పోవాలి. ఒకేసారి పదో తరగతి దాకా ప్రకటించి మధ్యలో ఆపే బదులు, ఒకటి నుంచి అయిదో తరగతి దాకా, తండాలూ పెంటలూ వలస పల్లెలూ ఉన్న మండలాల్లో, ఒంటిపూట బడుల నెలలతో మొదలుపెట్టి, వేరే కూలి ఇచ్చి మహిళా సంఘాలతో వండించవచ్చు. పూరీలు లేకున్నా ఫరవాలేదు, జొన్నరవ్వ ఉప్మా, రాగిజావ, ఉడికించిన పల్లీలు చాలు.