పాస్క పండుగకు ఆంజినెట్టీలు: 28 లీటర్ల ఓటీజీ ఓవెన్ ఎలా పనిచేసింది

2025లో ఈస్టర్, అంటే పాస్క పండుగ, ఏప్రిల్ 20న వచ్చింది. దానికి పది రోజుల ముందు హన్మకొండలోని ఒక దుకాణంలో సుమారు ఏడు వేల రూపాయలు పెట్టి 28 లీటర్ల ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ కలిసిన) ఓవెన్ కొన్నాము. ఇలాంటి ఓవెన్లను చాలామంది కేకుల కోసమే కొంటారు. దుకాణదారు కూడా మాకు కేకు గురించే వివరించాడు. నేను కొన్నది మాత్రం ఆంజినెట్టీలు అనే ఇటలీ బిస్కెట్ల కోసం. ఆ బిస్కెట్లతోనే దాని గుణదోషాలను తెలుసుకున్నాను. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ పరిమాణంలో, ఈ ధరలో దొరికే ఓవెన్ల నిర్మాణం ఇంచుమించు ఒకటే కనుక, ఏ కంపెనీది కొనాలనుకునేవారికైనా ఈ వివరాలు పనికివస్తాయని నా నమ్మకం.

ఆంజినెట్టీలు దక్షిణ ఇటలీ వంటకం. గుడ్లు, మైదా, చక్కెర, వెన్న, నిమ్మ తొక్క కలిపిన మెత్తని పిండిని వేలెడంత తాడుగా చేసి, ముడి వేసి, కాల్చి, చల్లారిన తరువాత నిమ్మరసం కలిపిన చక్కెర పూతలో ముంచి తీస్తారు. పూత తడి ఆరకముందే పైన రంగురంగుల చక్కెర గుళికలు చల్లుతారు. పాస్కకు ముందు వచ్చే తపస్సు కాలంలోని నలభై రోజులూ గుడ్లు, కొవ్వు పదార్థాలు ముట్టని రోజుల్లో, పాస్క నాటికి ఇంట్లో నిలవ ఉన్న గుడ్లన్నీ ఇటువంటి పిండివంటల్లోకే వెళ్లేవి. అందుకే ఆ దేశంలో పాస్క వంటకాలు చాలావరకు గుడ్లతో నిండి ఉంటాయి. కలాబ్రియా ప్రాంతంలో చేసే కుజ్జుపా అనే రొట్టెలో గుడ్డును పెంకుతో సహా పొదిగి కాలుస్తారు.

మేము కాజీపేట ఫాతిమా నగర్ వాళ్లము. 1952లో ఏర్పడిన వరంగల్ కథోలిక మేత్రాసనానికి (డయాసిస్‌కు) మొదటి మేత్రాణులు (బిషప్) అల్ఫోన్సో బెరెట్టా ఇటలీ దేశీయులు, మిలాన్‌లో పుట్టిన పీమే అనే మిషనరీ సభకు చెందినవారు. అయితే మిలాన్ ఉత్తరాన ఉంది, ఈ బిస్కెట్లు దక్షిణానివి. అవి మా ఇంటికి వచ్చింది చర్చి గురువుల ద్వారా కాదు. మఠంలో చేరి నేపుల్స్ దగ్గర కొన్నేళ్లు సేవ చేసి వచ్చిన మా చిన్నత్తమ్మ కూతురు వీటిని నాకు నేర్పింది.

కేకు కంటే ఆంజినెట్టీ ఓవెన్‌కు కఠినమైన పరీక్ష అని చెప్పడానికి కారణం దాని రంగు. కేకు పైభాగం ఎర్రబడితే అందమే. ఆంజినెట్టీ మాత్రం లోపల పూర్తిగా ఉడకాలి, అడుగున లేత బంగారు రంగు రావాలి, పైన పాలమీగడ రంగులోనే ఉండిపోవాలి. వేడి కాస్త ఎక్కువైనా గుడ్డులోని మాంసకృత్తులు, చక్కెర కలిసి పైన ఎర్రని పొర కడతాయి. బిస్కెట్టు గట్టిపడి, పూత కింద ఎండిన రొట్టెలా తయారవుతుంది. వేడి తక్కువైతే ముడి విడిపోయి పళ్లెం మీద పరచుకుంటుంది. ఓవెన్‌లో ఏ మూల ఎంత వేడి ఉందో పన్నెండు నిమిషాల్లో ఈ బిస్కెట్టు రంగు చెప్పేస్తుంది. ఓవెన్ లేని రోజుల్లో కుక్కర్లో ఇసుక పోసి, దానిపై పళ్లెం పెట్టి కాల్చి చూశాను. అడుగు మాడింది, పైన పచ్చిగా మిగిలింది. ఒక సంవత్సరం పిండి కలిపి దగ్గరి బేకరీకి ఇచ్చాను. అక్కడి బట్టీ రొట్టెల కోసం బాగా రాజుకొని ఉంటుంది కనుక అన్నీ ఎర్రగా కాలి వచ్చాయి. అందులో వారి తప్పు ఏమీ లేదు.

ఇప్పుడు ఓవెన్ సంగతి. ఇది 1600 వాట్ల యంత్రం. మన ఇళ్లలోని 230 వోల్టుల సరఫరాపై దాదాపు 7 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది కాబట్టి 6 ఆంపియర్ల మామూలు ప్లగ్గులో పెట్టకూడదు; గీజరుకో ఏసీకో వాడే పెద్ద ప్లగ్గు వంటింట్లో ఉండాలి. మాకు లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వేయించుకోవలసి వచ్చింది. ఈ విషయం అమ్మేటప్పుడే చెప్పి ఉంటే బాగుండేది.

అసలు సమస్య వేడిని నిర్ణయించే బిరడాతో (తిప్పే నాబ్‌తో) వచ్చింది. 175 డిగ్రీల దగ్గర తిప్పి పెట్టి, లోపల విడిగా కొన్న ఉష్ణమాపకాన్ని వేలాడదీశాను. ఎనిమిది నిమిషాలకు ఎర్రదీపం ఆరిపోయింది, అంటే ఓవెన్ తన లెక్కలో సిద్ధమైందన్నమాట. కానీ ఆ సమయానికి గాలి మాత్రమే వేడెక్కింది, గోడలు ఇంకా వేడెక్కలేదు. తలుపు తెరిచి పళ్లెం పెట్టి మూసేసరికి ముల్లు 130కి పడిపోయింది. ఇరవై నిమిషాలు ఆగి పెట్టినప్పుడు ఇంతగా పడలేదు. అప్పటికి మరో లోపం బయటపడింది: బిరడా 175 అంటున్నా ముల్లు 160 నుంచి 200 వరకు పైకీ కిందికీ తిరుగుతోంది. కడ్డీలు ఎర్రగా కాలిన నిమిషాల్లో వాటికి దగ్గరగా ఉన్న బిస్కెట్ల పైభాగం నేరుగా సెగ తగిలి రంగు మారుతుంది. మూడు రోజులు ప్రయత్నించి, బిరడాను 160 దగ్గర పెట్టి, పై కడ్డీలూ కింది కడ్డీలూ రెండూ వెలిగించి, ఫ్యాన్ ఆపి, పళ్లాన్ని మధ్య అరకంటే ఒక అర కిందికి దించినప్పుడు సరైన ఫలితం వచ్చింది. ఫ్యాన్ వేస్తే వేడి సమానంగా పరుచుకునే మాట నిజమే, కానీ వీచే వేడిగాలికి బిస్కెట్టు పైపొర ముందే ఎండి పగులుతోంది.

ఓవెన్‌తో ఇచ్చిన నల్లని పళ్లెం ఈ పనికి పనికిరాదు. నలుపు వేడిని ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి తొమ్మిదో నిమిషానికే అడుగు ముదురు గోధుమ రంగుకు వచ్చింది. వరంగల్‌లోని పాత్రల దుకాణంలో దొరికిన పలుచని అల్యూమినియం పళ్లెం మీద బేకింగ్ పేపరు పరిచి కాల్చిన తరువాత ఆ ఇబ్బంది పోయింది. వెనుక ఎడమ మూల మాత్రం ఎప్పుడూ వేడి ఎక్కువే. ఆరో నిమిషంలో పళ్లాన్ని ముందు వెనుకలు మార్చి తిప్పితే పన్నెండు బిస్కెట్లూ ఒకే రంగులో దిగాయి. సాయంత్రం వోల్టేజి తగ్గే వేళల్లో కాల్చకపోవడం మంచిది. వోల్టేజి 230 నుంచి 200కు పడితే కడ్డీ ఇచ్చే వేడి ఆ నిష్పత్తిలో కాక దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. నేను తెల్లవారుజామునే మొదలుపెట్టాను, ఏప్రిల్ ఎండలో వెన్న కలిపిన పిండి కరగకుండా ఉండడానికి కూడా ఆ వేళే అనుకూలం.

పిండి కొలతలు ఇవి: మైదా 400 గ్రాములు, చక్కెర 125, మెత్తబడిన వెన్న 100, గుడ్లు మూడు, పాలు రెండు చెంచాలు, బేకింగ్ పౌడరు మూడు చిన్న చెంచాలు, చిటికెడు ఉప్పు, రెండు నిమ్మకాయల తొక్క తురుము. మన నిమ్మ తొక్క పలుచన; పైరంగు దాటి తెల్లని భాగం తగిలితే చేదు వస్తుంది కనుక తేలికపాటి చేత్తో తురమాలి. ఇటలీలో పాతకాలపు వాళ్లు బేకింగ్ పౌడరుకు బదులు అమ్మోనియం బైకార్బొనేట్ వాడేవారు. వేడికి అది అమ్మోనియాగా, బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా విడిపోయి పిండిని పొంగిస్తుంది. పలుచని, కరకరలాడే బిస్కెట్ల నుంచి ఆ వాసన పూర్తిగా బయటికి పోతుంది. మెత్తగా, మందంగా ఉండే వీటిలో కొంత నిలిచిపోయే ప్రమాదం ఉంది. చిన్న ఓవెన్‌లో దాని జోలికి పోకపోవడమే మేలు. అక్కడి ఇళ్లలో కొందరు పిండిలో కలిపే ఆనిస్ గింజలకు బదులు నేను అర చెంచా సోంపు దంచి వేశాను. రెండిటి సువాసనకూ మూలం అనెథోల్ అనే ఒకే తైల పదార్థం.

25 గ్రాముల ఉండలు చేస్తే 32 వచ్చాయి. ముడి వేయడం మన చేతులకు కొత్తది కాదు. సంక్రాంతికి సకినాలు చుట్టే చేతివేళ్లు ఈ పిండిని రెండోసారికే పట్టుకున్నాయి. మొదటి వాయి దించినప్పుడు మా అత్తమ్మ ఒకటి చేతిలోకి తీసుకొని, తిప్పి చూసి, "ఇవి పచ్చిగనే ఉన్నయి బిడ్డా, ఇంకొంచెం కాలనియ్యి" అన్నది. తెల్లగా ఉన్నది ఉడకలేదనుకోవడం సహజమే. విరిచి చూపించాను: లోపల తడి లేదు, పొరపొరగా విడిపోయింది, అడుగున లేత రంగు ఉంది. వేలితో నొక్కితే పైభాగం మళ్లీ లేవడం మరో గుర్తు.

పూతకు ఐసింగ్ షుగర్ 250 గ్రాములు, నిమ్మరసం రెండు చెంచాలు, పాలు ఒక చెంచా సరిపోయాయి. మిక్సీలో పొడి చేసిన చక్కెరతో ఒకసారి చేసి చూశాను, నాలుకకు ఇసుకలా తగిలింది. బిస్కెట్టు పూర్తిగా చల్లారాలి. గోరువెచ్చగా ఉన్నా పూత కరిగి జారిపోతుంది. ఏప్రిల్‌లో మన గాలిలో తేమ తక్కువ కావడం ఇక్కడ కలిసివచ్చింది, ఇరవై నిమిషాల్లో పైపొర గట్టిపడింది. దక్షిణ ఇటలీలో నాస్ప్రో అనే మరో పూత ఉంది. చక్కెరను నీళ్లతో తీగపాకం పట్టి, తెల్లబడేదాకా కలిపి పూస్తారు. మనం గవ్వలకు పాకం పట్టి, ఆరేదాకా కలియబెడితే చక్కెర తిరిగి పలుకు కట్టి తెల్లని పొరగా అంటుకోవడం అదే పద్ధతి. వచ్చే ఏడు అలా చేయాలని ఉంది.

ఓవెన్‌కు ఉన్న మిగతా లోపాలు చిన్నవే. గంట మోగే టైమరు పది పన్నెండు నిమిషాల సమయానికి నమ్మదగినది కాదు; నేను ఫోన్‌లోనే సమయం పెట్టుకున్నాను. తలుపు పిడి గుడ్డ లేకుండా పట్టుకోలేనంత వేడెక్కుతుంది, కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో జాగ్రత్త అవసరం. ఖర్చు విషయంలో ఫిర్యాదు లేదు: వేడెక్కించడంతో కలిపి మూడు వాయిలకు గంటంబావు పట్టింది. ఆపకుండా వెలిగినా రెండు యూనిట్లే అవుతాయి, మధ్యమధ్య ఆగుతుంది కనుక అంతకంటే తక్కువే.

ఏడాదికి ఒక్క కేకు చేసుకునేవారికి ఈ ఓవెన్ అక్కరలేదు. పండుగలకు నాలుగైదు వాయిలు కాల్చాలనుకునేవారు, వేడి తీరును గమనించి నేర్చుకునే ఓపిక ఉన్నవారు తీసుకోవచ్చు; ఉష్ణమాపకాన్ని, తెల్లని పళ్లాన్ని కూడా అదే రోజు కొనుక్కోవాలి. దుకాణంలో చూసేటప్పుడు తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి, లాగి చూడండి. నాలుగు వైపులా బిగువుగా పట్టుకుంటే తలుపు సరిగా మూసుకుంటున్నట్టు. మా ఓవెన్‌కు కుడివైపు పైమూలలో కాగితం తేలికగా జారి వస్తోంది. ఆ మూల బిస్కెట్లు ఒక నిమిషం ఆలస్యంగా కాలడానికి కారణం అదేనని ఇంటికి తెచ్చాక తెలిసింది.